లు-నింషుబుర్ చేతుల మీదుగా

"హాజీ మిజ్‌హిర్‌ను మీరు కొట్టారా?"

"లేదు."

"పోయిన ఆ మట్టి తొడుగు మీ దగ్గర ఉందా?"

"లేదు."

డాక్టర్ సుహాద్ రెండు జవాబులూ ఒకే గొంతుతో చెప్పింది. మూడు రాత్రులు లాకప్‌లో గడిపిన మనిషి గొంతు అది. ఈ కేసు చూస్తున్న ఊరి పోలీసును నేను, నా గొంతు కూడా అంతకన్నా మెరుగ్గా లేదు.

పట్టుబడిన పురావస్తువులను దాచే నాసిరియా గోదాముకు హాజీ మిజ్‌హిర్ పెద్ద. ఆదివారం సాయంత్రం తన చాప మీదే తల పగిలి పోయాడు. కాఫీ గింజలు దంచే ఇత్తడి రోకలి పక్కనే పడి ఉంది. గోదాములోంచి మాయమైంది ఒక్కటే వస్తువు. అరచేతిలో పట్టేంత మట్టి తొడుగు, నాలుగు వేల ఏళ్ల నాటిది. సుహాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. గోదాములోని మట్టి పలకలు చదివేది ఆమె. ఆ సాయంత్రం ఆమె లోపలికి వెళ్లడం కాపలావాడు చూశాడు. బయటికి రావడం చూడలేదు. మగ్రిబ్ నమాజుకు వెళ్లాడట.

"మేజర్ ఫిరాస్ ఈ మధ్యాహ్నం మిమ్మల్ని బాగ్దాద్ తీసుకుపోతాడు," అన్నాను. "అక్కడ కూడా ఇవే ప్రశ్నలు అడుగుతారు. కానీ నాలా కూర్చుని అడగరు. మీరు ఒప్పుకునేదాకా అడుగుతారు. ఈలోగా మీకు తెలిసింది నాకు చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను, విసుక్కోవద్దు."

"అబూ యూసుఫ్, మీకు నిజంగా వినాలని ఉందా, లేక నివేదికలో ఏదో ఒకటి రాసుకోవాలా?"

"రెండూ."

ఆమె బల్ల మీది చక్కెర గిన్నెను దగ్గరికి లాక్కుంది. ముక్కలు ఒక్కొక్కటే తీసి పెట్టసాగింది.

"ఇవి మనుషులనుకోండి. ఆనాటి ఉద్యోగులు. ఒకే పలక మీద ఇద్దరి పేర్లుంటే వాళ్ల మధ్య ఒక గీత. ఒకడు బార్లీ ఇచ్చాడు, ఒకడు పుచ్చుకున్నాడు, ఒకడు ముద్ర వేశాడు. ఇలా కొన్ని వందల పలకలు. కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. ఎవరు ఎవరితో పనిచేశారో, ఎవరిది ఏ కచేరీయో బయటపడుతుంది."

"చచ్చిపోయి నాలుగు వేల ఏళ్లయిన గుమస్తాల మీద నిఘా అన్నమాట."

"మీరు చేసే పనే. నా వాళ్లు పారిపోరు, అంతే తేడా." ఆమె నవ్వబోయి మానేసింది. "పోయిన ఏడాదిలో మేజర్ గారు మూడుసార్లు పలకలు పట్టారు కదా. అమారా దారిలో ఖర్జూరం పెట్టెల్లో. కూత్ దారిలో స్పేర్ టైరులో. బస్రా దారిలో చేపల ఐసు కింద. మూడు జిల్లాలు, మూడు ముఠాలు అని టీవీలో చెప్పారు. మరి నా బొమ్మ ఎలా రావాలి?"

"మూడు గుంపులుగా."

"విడివిడిగా, ఎడంగా." చక్కెర ముక్కలను మూడు కుప్పలు చేసింది. తర్వాత రెండు అరచేతులతో మూడింటినీ ఒక దగ్గరికి నెట్టేసింది. "ఇలా వచ్చింది. మూడింటిలోనూ అవే పేర్లు. ఒకే కచేరీ. మూడు సరుకులూ ఒకే గోతిలోంచి తీసినవి."

"ఆ కచేరీవాళ్లు మూడు ఊళ్లకూ రసీదులు పంపి ఉండొచ్చుగా?"

"నాకూ అదే అనుమానం వచ్చింది. అందుకే వెతికాను. ఆ రోజుల్లో రసీదు పలక చుట్టూ పలచగా ఇంకో పొర మట్టి తొడిగి, పైన మళ్లీ అదే రాసి, ముద్ర దొర్లించేవాళ్లు. అమారా దారిలో దొరికిన పలక ఒకటి, బస్రా దారిలో దొరికిన తొడుగులో పొట్టులో గింజలా కూర్చుంది. శనివారం హాజీకి చూపించాను."

"ఏమన్నాడు?"

"రెండింటినీ విడదీసి మళ్లీ కూర్చి చూశారు. తర్వాత, 'ఇది ఎవరికీ చెప్పకు బిడ్డా, ముందు నేనొకణ్ణి అడగాలి' అన్నారు."

"ఎవరిని?"

"చెప్పలేదు. ఆదివారం నేను ఫొటోలు తీసుకుని సాయంత్రం వచ్చేశాను. అప్పటికి ఆయన కాఫీ గింజలు వేయిస్తున్నారు."

నేను చక్కెర కుప్ప వైపు చూశాను. "ఈ గుంపుకు నడుమ ఎవరున్నారు? ఆ ఊరి గవర్నరా?"

"అందరూ అలాగే అనుకుంటారు. మా విద్యార్థులు ఏటా అదే తప్పు చేస్తారు. పెద్ద పదవి ఎక్కడుంటే అదే నడుమ అని." ఒక ముక్కను వేరు చేసి కుప్ప మధ్యలో నిలబెట్టింది. "ఇక్కడ నడుమ ఉన్నవాడి పేరు లు-నింషుబుర్. పదవి లేదు. సొంత ముద్ర లేదు. తండ్రి పేరు కూడా రాయలేదు. ప్రతి రసీదు చివరా ఒకటే మాట, 'లు-నింషుబుర్ చేతుల మీదుగా' అని. సరుకు అతనిది కాదు. కానీ అతన్ని తీసేస్తే మిగతావాళ్లలో సగం మందికి ఒకరితో ఒకరికి సంబంధమే ఉండదు."

"తండ్రి పేరు లేకపోవడం విశేషమా?"

"వాళ్లు మనిషిని తండ్రి పేరుతో గుర్తుపట్టేవాళ్లు. మనం కొడుకు పేరుతో పిలిచినట్టు..." అని ఆగిపోయింది. తల దించుకుంది.

నా యూసుఫ్ పోయి రెండేళ్లయిందని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా యూసుఫ్ తండ్రిని, 'అబూ యూసుఫ్' అని కాక నన్ను ఇంకేమని పిలుస్తారు?

"పర్వాలేదమ్మా, చెప్పండి," అన్నాను.

తలుపు తట్టకుండానే మేజర్ ఫిరాస్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, రెండు హోదాలు పెద్దవాడు.

"ఏంటి పెద్దాయనా, టీ పార్టీయా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుప్ప నడుమ నిలబడి ఉన్న చక్కెర ముక్కను తీసి నోట్లో వేసుకున్నాడు.

"మీరు నమిలింది లు-నింషుబుర్‌ని," అంది సుహాద్.

"తియ్యగానే ఉన్నాడు. ఎవరు వాడు? నీ తోడుదొంగా?"

"మేజర్ గారూ," అన్నాను, "ఆ మూడు సరుకుల గురించి మీకు ముందుగా కబురు చెప్పింది ఎవరు?"

"నా మనుషులు."

"ముగ్గురా, ఒక్కడా?"

నమలడం ఆగింది. "ఆ మాట నేను మంత్రికే చెప్పలేదు. నీకు చెబుతానా?"

"మూడూ ఒకే గోతిలోంచి వచ్చాయట."

"ఈవిడ అంటోంది. ఏదీ ఆధారం? మాయమైంది. మాయం చేసిందెవరు? ఆఖరున లోపలికి వెళ్లినావిడ. ఇందులో నీకు అర్థం కానిది ఏముంది?"

"ఆ తొడుగు బయటపడితే ఈమెకు నష్టం లేదు. మూడు ముఠాలను పట్టి పతకం అందుకున్నది మీరు."

ఆయన లేచి నిలబడ్డాడు. "మాట జాగ్రత్త. నీ వయసు చూసి ఊరుకుంటున్నాను. నీ ఇంట్లో జరిగింది చూసి కూడా."

"నా ఇంటి సంగతి వదిలేయండి. ఆ గోదాము సీలు తీయించండి. నాలుగు రోజులుగా నన్ను లోపలికి రానివ్వలేదు."

"పద. నేనూ వస్తా. చూసి, కళ్లు తుడుచుకుని, కేసు నాకు అప్పగించు. అరబైన్ సంతాప దినానికి యాత్రికులు నడక మొదలుపెట్టారు. హైవే మూసేలోగా నేను బాగ్దాద్ చేరాలి."

గోదాము ముందు మేజర్ బండి ఆగి ఉంది. డ్రైవర్ ఛాసిబ్ అద్దం తుడుస్తున్నాడు. సుహాద్ కంప్యూటర్‌కు వేసిన సీలు ఆరిందో లేదో వేలితో చూసి, దాన్ని వెనక సీటు కింద పెట్టాడు. నన్ను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బాగా నలిగిపోయారు, అబూ యూసుఫ్. కాస్త పడుకోండి."

"నువ్వూ అలాగే ఉన్నావు, ఛాసిబ్."

"మూడు రోజులు హాజీ సంతాప గుడారంలో నిలబడే ఉన్నాం కదా."

నిజమే. ఆ గుడారంలో నాకు కాఫీ పోసింది అతనే.

హాజీ గోదాములో ఒక మూలను చిన్న అతిథి గదిలా చేసుకున్నాడు. చాప, రెండు బాలీసులు, కాఫీ పొయ్యి, మూడు కూజాలు. ఆయన కూర్చునే చోట రక్తం ఎండి నల్లబడింది. ఆయన వైపు ఒక కప్పు, ఖాళీ. అడుగున మడ్డి. ముందు తాను తాగి చూపించి తర్వాత అతిథికి పోసేవాడు, పాత మనిషి. ఎదురుగా అతిథి చోటు. ఆ చోటుకు ముందు నేల మీద ఇంకో కప్పు. అందులో కాఫీ తొరక కట్టి ఉంది, అందులో ఒక ఈగ.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. మోకాళ్లు పట్టేశాయి. లేవడానికి ఇంకెవరి చెయ్యి అయినా కావాలేమో అనుకుంటూ కప్పును చూశాను.

"చూశావుగా," అన్నాడు మేజర్ వెనకనుంచి. "కాఫీ పోశాడు. ఆవిడ తాగలేదు. ఈలోగా గొడవైంది."

"పళ్లెం ఎక్కడుంది?"

"ఎదురుగానే ఉంది. కనబడ్డంలేదా?"

"అతిథి మోచేతి దగ్గర ఉంది. కాఫీ వద్దనుకున్నవాడు కప్పు ఊపి తిరిగి ఇస్తాడు. లేదంటే పళ్లెంలో పెడతాడు. ఈ కప్పు నేల మీద ఉంది. మోకాలి ముందు. నిండుగా. ఒక్క చుక్క ఒలకలేదు. ఎవరో చూసి, నెమ్మదిగా పెట్టారు."

"అయితే?"

"మీ తాతగారిని అడిగితే చెప్పేవారు."

"మా తాత లండన్‌లో పళ్ల డాక్టరు."

"మా వైపు ఏదైనా అడగడానికి వచ్చినవాడు కప్పు ఇలా కింద పెడతాడు. పిల్లనడగడానికి వచ్చినా, పగ మాన్పించడానికి వచ్చినా అంతే. 'నీ కాఫీ తాగు, నీ పని అయినట్టే' అని ఇంటాయన అనేదాకా ముట్టడు. అది పెద్దమనుషుల ముందు మగవాళ్లు చేసే పని. డాక్టర్ సుహాద్ ఇలా చేయదు. ఆమెకు హాజీ ఈ చాప మీద కాఫీ పోయడు కూడా. అదిగో, ఆ బల్ల దగ్గర కుర్చీ వేసి టీ ఇచ్చేవాడు. గ్లాసు ఇంకా అక్కడే ఉంది చూడండి."

మేజర్ గ్లాసు వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలినట్టే అనిపించింది. తర్వాత నవ్వేశాడు.

"బాగుంది. ఈ కప్పును తీసుకెళ్లి జడ్జి ముందు సాక్షిగా నిలబెట్టు. 'అయ్యా, నన్ను నేల మీద పెట్టారు' అని చెబుతుంది."

"ఒక్క రోజు ఆగండి."

"నీకు ఒక్క రోజు ఇస్తే ఈగను కూడా విచారిస్తావు."

"ఆమె నిర్దోషి అని మీకూ అనిపించింది. ఇప్పుడే చూశాను."

"నాకేమనిపించిందో బాగ్దాద్‌లో ఎవరూ అడగరు. ఎవరిని తెచ్చావని అడుగుతారు." బయటికి నడుస్తూ కేకేశాడు. "ఛాసిబ్! బండి తియ్యి. ఆవిడను ఎక్కించుకుని పోదాం."

నేను లేవలేదు. బండి వెళ్లిపోయిన చప్పుడు విన్నాను. ఆపడానికి నా దగ్గర కాగితం లేదు, హోదా లేదు. ఉన్నదల్లా ఒక కప్పు.

చంపడానికి వచ్చినవాడు కప్పు కింద పెట్టడు. వాడు అడగడానికే వచ్చాడు. 'ఆ తొడుగు నాకివ్వు, నోరు విప్పకు' అని అడిగి ఉంటాడు. హాజీ తాగమనలేదు.

ఒక పెట్టె మూత మీద దుమ్ము పేరుకుని ఉంది. వేలితో చుక్కలు పెట్టాను. అమారా దారి. కూత్ దారి. బస్రా దారి. మూడు చోట్లా వేరే పోలీసులు, వేరే సాక్షులు, వేరే దొంగలు. మూడింటితోనూ గీత కలిసేది ఒక్క ఫిరాస్‌కే. ఆయన్ని నడుమ పెట్టాను. గీతలు గీశాను. బొమ్మ చక్కగా కుదిరింది. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. ఆ చొక్కాను బోనులో నిలబెట్టాలని నాకు చాలా కోరికగా ఉంది.

ఆ సంతోషమే నన్ను ఆపింది. పళ్ల డాక్టరు మనవడు చాప మీద కూర్చుని, కప్పు ఒలకకుండా మోకాలి ముందు పెట్టి, ఒక ముసలాయన దయ కోసం ఎదురుచూస్తాడా? పెద్ద పదవి కనబడగానే నేను దాన్నే నడుమ పెట్టేశాను. సుహాద్ విద్యార్థులు ఏటా చేసే తప్పే అది.

అప్పుడు గేటు దగ్గరికి నడిచాను. కాపలావాడు అబ్బూద్ టోపీతో విసురుకుంటున్నాడు.

"ఆ పట్టుబడిన పెట్టెలు ఇక్కడికి ఎవరు తెచ్చారు?" అని అడిగాను.

"మేజర్ గారి బండిలో వచ్చాయి."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ. ఛాసిబ్ తెచ్చాడు. లోపల సర్దింది కూడా అతనే. వేరేవాళ్లు ముట్టుకుంటే హాజీ ఒప్పుకునేవాడు కాదు."

"ఛాసిబ్‌ను ఎందుకు ఒప్పుకున్నాడు?"

అబ్బూద్ నన్ను వింతగా చూశాడు. "బావాబావమరుదులు కదా సయ్యిదీ! హాజీ చెల్లెలే కదా ఛాసిబ్ భార్య. మీకు తెలియదా?"

"ఈ నాలుగు రోజుల్లో ఎవరూ చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదు. ఊరందరికీ తెలిసిందే కదా."

అతను గుడారంలో కాఫీ పోయడం నేను కళ్లతో చూశాను. బయటివాడు అలా నిలబడడు, ఇంటివాడే నిలబడతాడు. అదీ చూశాను. పోసిన కాఫీ తాగాను, దీవించాను, ఇంటికి వచ్చేశాను.

కబురు అతని చేతుల మీదుగా మేజర్‌కు అందింది. పెట్టెలు అతని చేతుల మీదుగా గోదాముకు చేరాయి. మేజర్ ఒక దారిలో గుప్పెడు పలకలు పట్టుకుని ఫొటోలు దిగుతుంటే, అదే రోజు ఇంకో దారిలో లారీలు నిండుగా పోయి ఉంటాయి. మూడూ ఒకే గోతివని తేలితే కబురు చెప్పినవాడు దొరికిపోతాడు. హాజీ 'ముందు అడగాలి' అనుకున్నది ఇంటి అల్లుణ్ణి.

ఇప్పుడు సుహాద్ ఆ బండిలో ఉంది.

ఫోను చేశాను. చాలాసేపు మోగాక మేజర్ ఎత్తాడు.

"ఏంటి మళ్లీ? గ్లాసు కూడా మాట్లాడిందా?"

"ఎక్కడున్నారు?"

"హైవే మూసేశారట. ఎడారి పక్క దారిలో పోతున్నాం."

"మూసేశారని ఎవరన్నారు?"

"ఛాసిబ్. ఎందుకు?"

"నేను చెప్పేది వినండి. ముఖం మార్చకండి. ఆ మూడు కబుర్లూ మీకు చెప్పింది ఒక్కడే. ఇప్పుడు ఆ బండి నడుపుతున్నది అతనే. నేను అన్నది నిజమైతే ఏమీ అనకండి, దగ్గండి చాలు."

గాలి చప్పుడు. ఇంజను చప్పుడు. మేజర్ దగ్గాడు.

"మీ తుపాకీ ఎక్కడుంది?"

 ఇంజను చప్పుడు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. "ఇక్కడెందుకు ఆపావు?" అన్నాడు ఆయన.  కాసేపటికి వేరే గొంతు వచ్చింది. మర్యాదగా, అలసటగా ఉంది.

"ఆ ఫోను ఇటివ్వండి సయ్యిదీ. చేతులు సీటు మీద పెట్టండి. అమ్మా, మీరు కూడా." తర్వాత దగ్గరగా, "అబూ యూసుఫ్" అంది ఆ గొంతు.

"చెప్పు ఛాసిబ్."

"కప్పు చూశారట. మేజర్ గారు దారంతా నవ్వుతూ చెప్పారు."

"చూశాను. నువ్వు అడగడానికే వెళ్లావని నాకు తెలుసు."

"అడగడానికే వెళ్లాను. 'తాగరా' అని ఒక్క మాట అంటే చాలు. ఆ తొడుగు తీసుకుని వచ్చేసేవాణ్ణి. అనలేదు. నా కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. 'చల్లారనీ' అన్నాడు." ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారిన చప్పుడైంది. "మా ఇంటిదానికి తెలియకూడదు. అన్నను నేనే అని తెలిస్తే అది బతకదు. ఇక తెలిసినవాళ్లు ఈ ఇద్దరూ, మీరూ. మీ మాట ఎవరూ నమ్మరు. ఈ అమ్మాయి కంప్యూటర్ నా బండిలోనే ఉంది."

ఫోనులో దూరంగా సుహాద్ ఏదో అంది. మాటలు తెలియలేదు, భయం తెలిసింది.

"కంప్యూటర్ నీ దగ్గరే ఉంది," అన్నాను. "అందులోది నీ దగ్గర లేదు. ఆదివారం గోదాములోంచి వెళ్లగానే ఆమె ఆ బొమ్మ, ఫొటోలు అన్నీ నలుగురికి పంపింది. బాగ్దాద్‌లో ఇద్దరికి. ఒకటి నా దగ్గరుంది. ఒకటి జడ్జి దగ్గరుంది. నువ్వు వాళ్లను ఏం చేసినా ఆ తొడుగు సంగతి దాగదు. ఒక చావు కోపంలో జరిగిందని చెప్పుకోవచ్చు. మూడు చావులకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మీ ఇంటిదానికి ఏం చెబుతావు?"

ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు. ఆమె ఎవరికీ ఏమీ పంపలేదు.

"అబ్బాస్ మీద ఒట్టు వేయండి," అన్నాడు ఛాసిబ్.

మా వైపు కోర్టులో పూటకో మాట చెప్పే మనిషి కూడా అమరవీరుడు అబ్బాస్ పేరు మీద అబద్ధం ఆడడు. ఆడితే ఆ దెబ్బ తనకు తగలదని, ఇంట్లోవాళ్లకు తగులుతుందని నమ్మకం. నేను నమ్ముతానా లేదా అని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఇక మిగిలింది నా భార్య ఉమ్ యూసుఫ్ ఒక్కతే. ఈ వేళకి ఆమె వంటింట్లో బియ్యం ఏరుతూ ఉంటుంది.

"వేయలేరు కదా," అన్నాడు అతను.

"నేను చెప్పింది నిజమని అబ్బాస్ మీద ఒట్టు," అన్నాను.

అబ్బూద్ విసురుకోవడం ఆపి నా వైపు చూశాడు.

అవతల బండి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మళ్లీ మూసుకుంది. చాలాసేపటికి ఇంజను స్టార్టయింది. టైర్లు ఇసుకలో తిరిగాయి. ఫోను ఇంకా తెరిచే ఉంది. బండి కదిలింది. ఎటు కదిలిందో, అందులో ఎందరున్నారో చెవికి తెలియలేదు.